నీళ్లు ఇంకే నేలను దేనికి వాడాలి, దేనికి వాడకూడదు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. అనంతపురం జిల్లాలో ఒక మండలానికి జల సంరక్షణ ప్రణాళిక వేస్తున్నారు. నీళ్లు ఇంకే ప్రాంతాలను గుర్తించి, అక్కడ ఏ భూమిని దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో తేల్చాలి. జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్ మ్యాపుల వ్యవస్థలో, భూమి వాడకం, వాన లాంటి ఎనిమిది పొరలు పేర్చి, ఏహెచ్‌పీ పద్ధతిలో (అంశాలను జతలుగా పోల్చి మార్కులు వేసే పద్ధతి) ఒక్కో పొరకు వెయిట్లు ఇచ్చి, ఐదు రంగుల మ్యాపు తీశారు. దాన్ని అలాగే గ్రామసభ ముందు పెట్టి తీర్మానం చేయించవచ్చా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. మీ మ్యాపులో గుట్టల కింది భూమి "బీడు" అని, "తక్కువ ప్రాధాన్యం" అని పడి ఉంటుంది. చాలా ఊళ్లలో నీళ్లు లోపలికి దిగే దారి సరిగ్గా అదే. పంట పండని భూమి పనికిరాని భూమి అన్న లెక్క మీద కట్టిన మ్యాపు, ఇంకడానికి అన్నిటికంటే అవసరమైన నేలనే ముందు లేఅవుట్లకూ మొరం తవ్వకాలకూ అప్పగిస్తుంది. కాబట్టి భూమి వాడకం అనే పొరను కాసేపు పక్కన పెట్టండి. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో విడిగా చూడండి. ఆ తర్వాతే, ఆ చోట ఏ వాడకం తగునో అడగండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలమూరు వైపు ఒక వాటర్‌షెడ్‌కు మ్యాపు గీశాను. గుట్ట పాదంలో నలభై యాభై ఎకరాలు. పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, అక్కడక్కడ సీతాఫలం పొదలు, బోదగడ్డి. "పంటకు తగదు" అని రాశాను. ఆ మాట నిజమే. కానీ నా కాగితం చదివినవాళ్లు దాన్ని "దేనికైనా ఇవ్వవచ్చు" అని అర్థం చేసుకున్నారు. రెండు మూడేళ్లలో అక్కడి మొరమంతా రోడ్లకు తోలేశారు, గట్టి రాయి బయటపడేదాకా తవ్వారు. కింద ఉన్న పాత బావుల్లో సంక్రాంతి దాకా నిలిచే నీళ్లు దసరా దాటగానే అడుగంటడం మొదలైంది. ఆ బావుల్లో ఒకదాని రైతు నన్ను తిట్టలేదు. "ఆడ వాన పడ్తె నీళ్లు నిలవకపోతుండె సారూ. మమ్ముల ఒక్క మాట అడిగితె చెప్తుంటిమి గద" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ తర్వాత ఊరివాళ్లను అడగకుండా ఏ మ్యాపూ ముగించలేదు.

కింద ఏముందో ముందు తెలియాలి

అనంతపురం, పాలమూరు, నల్లగొండ, ఇక్కడంతా ఎక్కువ భాగం గ్రానైట్, నైస్ రాళ్లే. ఈ రాయి తనంతట తాను నీళ్లు పట్టుకోదు. పైన శిథిలమైన పొర, మనం మొరం అనేది, చాలాచోట్ల 10 నుంచి 20 మీటర్ల మందం ఉంటుంది. ఊరి నీళ్ల ట్యాంకు అదే. దాని కింద పగుళ్ల పొర పైపులాంటిది, నీళ్లను అటూ ఇటూ తీసుకుపోతుంది, నిల్వ మాత్రం తక్కువ. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరం పరీవాహకంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో ఈ అమరిక చాలా స్పష్టంగా బయటపడింది. అక్కడ తోడకం ఎక్కువై పై పొర చాలావరకు ఎండిపోయింది, నీళ్లు పగుళ్ల పొరలోనే మిగిలాయి. మన ఊళ్లలో కథ కూడా ఇదే.

మొరం మందం తెలుసుకోవడానికి ఖరీదైన సర్వే అన్నిచోట్లా అక్కర్లేదు. బోరు వేయించిన రైతును "కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దించారు?" అని అడగండి. మెత్తటి పొర కూలిపోకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ దించుతారు కాబట్టి ఆ అడుగులే దాదాపు మొరం మందం. బోరు బండికి డబ్బు లెక్కగట్టి ఇచ్చినవాడు ఆ అంకె మర్చిపోడు. ఊరికి ముప్పై నలభై బోర్ల కేసింగ్ లెక్క రాసి మ్యాపు మీద పెడితే, ఉపగ్రహ చిత్రం ఇవ్వలేని సమాచారం రెండు రోజుల్లో చేతికొస్తుంది. మీ ఎనిమిది పొరల్లో ఇది లేదు. తొమ్మిదోదిగా కాదు, మొదటిదిగా పెట్టండి.

కొంచెం లెక్క

కేంద్ర భూగర్భ జల అంచనా పద్ధతి (1997) ప్రకారం, బంకమట్టి తక్కువగా ఉన్న శిథిల గ్రానైట్ నేలలో వానలో 11 శాతం, బంకమట్టి ఎక్కువైతే 8 శాతం భూమిలోకి దిగుతుందని తీసుకున్నారు. అనంతపురం సగటు వాన సుమారు 550 మి.మీ. అందులో 11 శాతం అంటే 60 మి.మీ. ఎకరానికి దాదాపు 2.45 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరికి సుమారు 1,200 మి.మీ. నీళ్లు కావాలి. అంటే ఒక ఎకరం వరి తాగేది, 20 ఎకరాల మెట్ట భూమి ఏడాదంతా కష్టపడి లోపలికి పంపిన నీళ్లు. వరి మడి నుంచి కొంత మళ్లీ కిందికి దిగుతుంది, దాన్ని మినహాయించినా పన్నెండు పదమూడు ఎకరాలు పడుతుంది.

ఈ లెక్కను గ్రామసభలో బోర్డు మీద వేసి చూపండి. రంగుల మ్యాపు చూసి మాట్లాడని వాళ్లు కూడా దీని మీద మాట్లాడతారు. ఎవరో ఒకరు లేచి "అయితే ఆ ఇరవై ఎకరాలు ఎవరివి?" అని అడుగుతారు. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

నేలను మూడు రకాలుగా విడదీయండి

నేను వాడే విభజన ఇది. ఎక్కడా అచ్చయినది కాదు, పనిలో తేలింది.

నీళ్లు పంపే నేల. గుట్ట పైభాగం, రాతి వాలు. వాలు 20 శాతం దాటితే అంచనా పద్ధతిలో ఆ విస్తీర్ణాన్ని ఇంకుడు లెక్కలోంచే తీసేస్తారు. అది లెక్క వరకు సబబే. కానీ తీసేశారు కదా అని దాన్ని వదిలేయకూడదు. అక్కడి నుంచి జారిన నీళ్లే గుట్ట పాదానికి అందుతాయి. ఆ వాలు మీద గడ్డి, పొదలు ఉంటే నీళ్లు నెమ్మదిగా, మట్టి లేకుండా దిగుతాయి. క్వారీ పడితే దుమ్ముతో కలిసి బురదలా వచ్చి, కింద ఇంకే నేల రంధ్రాలను పూడ్చేస్తాయి. తగిన వాడకం: చెట్టూ గడ్డీ, వంతులవారీ మేత. అంతే.

నీళ్లు తాగే నేల. గుట్ట పాదం, దాని కింద మొరం మెట్టలు, చెల్క (తేలికపాటి ఎర్రనేల) పొలాలు. సంరక్షణ ప్రణాళికలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. పాదం దగ్గర చదరపు గజానికి ఎక్కువ ఇంకుతుంది, చెల్క పొలాల్లో తక్కువ ఇంకినా విస్తీర్ణం పెద్దది. రెండూ కావాలి. మెట్ట పంటలు, గట్లు వేసిన పొలాలు, ఎడంగా నాటిన పండ్ల చెట్లు, కందకాలు, ఊటకుంటలు బాగా నప్పుతాయి. లేఅవుట్లు, మొరం తవ్వకం, కోళ్ల ఫారాలు, చెత్త డంపులు నప్పవు. సోలార్ ప్లాంటు పూర్తిగా వద్దనను. కానీ భూమిని చదును చేసి వాగు పాయలను పూడ్చే పని మాత్రం ఒప్పుకోకూడదు. ప్యానెళ్ల కింద గడ్డి ఉంచాలి, పాయలను యథాతథంగా వదలాలి. ఆ షరతు తీర్మానంలో రాయించండి.

నీళ్లు తేలే నేల. లోయ, వాగు ఒడ్డు, చెరువు కింది ఆయకట్టు. ఇక్కడ బోర్లు బాగా పోస్తాయి కాబట్టి చాలామంది ఇదే ఇంకే ప్రాంతం అనుకుంటారు. పైన తాగిన నీళ్లు ఇక్కడికి వచ్చి చేరుతున్నాయి, అంతే. నల్లరేగడి, బంకమట్టి ఉన్నచోట ఇంకుడు గుంత తవ్వితే అది దోమల గుంత అవుతుంది. చెరువు శిఖం, అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల, దాని సంగతి వేరు. నీళ్లు నిలిచిన విస్తీర్ణానికి రోజుకు 1.4 మి.మీ. చొప్పున ఇంకుతుందని అదే పద్ధతిలో లెక్క. నాలుగు నెలలు నిండుగా ఉంటే 168 మి.మీ., అంటే మెట్ట పొలానికి దాదాపు మూడు రెట్లు. శిఖం భూమి కబ్జా అయితే పోయేది ఆ నీళ్లే.

మీ వెయిట్ల గురించి

ఏహెచ్‌పీలో కన్సిస్టెన్సీ రేషియో 0.1 కంటే తక్కువ వచ్చిందని రాశారు. మంచిదే. కానీ మీరిచ్చిన మార్కులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది. ఆ మార్కులు నిజమని చెప్పదు. తప్పు అభిప్రాయాన్ని కూడా నిలకడగా చెప్పవచ్చు కదా.

నేను చూసిన మ్యాపుల్లో ఎక్కువగా కనిపించే పొరపాట్లు నాలుగు. భూమి వాడకాన్ని ఇంకుడు మ్యాపులో ఒక పొరగా వేసి, అదే మ్యాపుతో భూమి వాడకం తగునా కాదా అని తీర్పు చెప్పడం అన్నిటికంటే పెద్దది. అలా చేస్తే ప్రశ్నలోంచే జవాబు వస్తుంది: బీడుకు తక్కువ మార్కు వేశారు, కాబట్టి బీడు తక్కువ ప్రాధాన్యంగా తేలింది. రెండోది లీనియమెంట్లు, అంటే ఉపగ్రహ చిత్రంలో రాతి పగుళ్లుగా గుర్తించే పొడవాటి గీతలు. చిత్రంలో కనిపించే ప్రతి గీతా పగులు కాదు. రోడ్లు, కరెంటు లైన్లు, పొలం గట్లు కూడా గీతలే. వాగులు చాలాచోట్ల పగుళ్ల వెంటే పోతాయి కాబట్టి వాగుల సాంద్రత, లీనియమెంట్ల సాంద్రత రెండూ వేస్తే ఒకే విషయానికి రెండుసార్లు మార్కులు పడతాయి. మూడోది వాన పొర. మండలం మొత్తానికి ఉన్న ఒకటి రెండు వానమాపకాల అంకెలను సాగదీసి పొర చేస్తే దానిలో సమాచారం ఏమీ ఉండదు, తీసేయండి.

నాలుగోది కొంచెం వివరంగా చెప్పాలి. మ్యాపు సరైనదా కాదా అని బోర్ల దిగుబడితో పోల్చి చూస్తారు. దిగుబడి ఎక్కువ ఉన్నచోటే ఇంకుతోందని అర్థం కాదని పైన లోయ గురించి చెప్పాను. పోల్చాల్సింది నీటి మట్టం పెరుగుదలతో. మే నెలాఖరులో ఒకసారి, నవంబరులో ఒకసారి అవే బావుల్లో మట్టం కొలవండి. శిథిల గ్రానైట్‌లో బంకమట్టి తక్కువైతే నీళ్లు పట్టే ఖాళీ సుమారు 3 శాతం. 60 మి.మీ. ఇంకితే మట్టం 2 మీటర్లు లేస్తుంది. బంకమట్టి ఎక్కువైన నేలలో ఖాళీ 1.5 శాతమే, అక్కడ 44 మి.మీ. ఇంకినా మట్టం దాదాపు 3 మీటర్లు లేస్తుంది. కాబట్టి ఎక్కువ లేచిన బావి దగ్గర ఎక్కువ ఇంకిందని తొందరపడి రాయకండి. మట్టి చూసి, లెక్క కట్టి, అప్పుడు రాయండి. తోడకం ఆపిన బావులు దొరికితే ఇంకా మంచిది.

నేలను చేత్తో పరీక్షించండి

జంట రింగుల ఇన్‌ఫిల్ట్రోమీటర్ అంటే రెండు ఇనుప వలయాలు, లోపలిది 30 సెం.మీ., బయటిది 60 సెం.మీ. వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. సుత్తితో నేలలోకి కొంచెం దిగగొట్టి, రెండిట్లో నీళ్లు పోసి, లోపలి వలయంలో మట్టం ఎంత సేపట్లో ఎంత తగ్గిందో స్కేలుతో చూడాలి.

రాయదుర్గం వైపు ఒక గుట్ట పాదంలో చేసిన పరీక్ష నాకు బాగా గుర్తుంది. సీతాఫలం పొద పక్కన, ఆకు రాలి కుళ్లిన చోట మొదటి వలయం పెట్టాం. బిందెతో పోస్తుంటే బుసబుసమని బుడగలు వచ్చాయి, పోసిన నీళ్లు చూస్తుండగానే పోయాయి. నీళ్లు మోసే కుర్రాడు రెండోసారి, మూడోసారి కుంట దగ్గరికి పరుగెత్తాడు. నాలుగడుగుల అవతల గొర్రెలు, బండ్లు నడిచే దారి. అదే ఎర్రమట్టి, అదే మొరం. అక్కడ పోసిన నీళ్లు మేం తెచ్చుకున్న సద్దన్నం తిని లేచేసరికి కూడా అద్దంలా నిలిచే ఉన్నాయి, అందులో మబ్బు కనిపిస్తోంది. జీఐఎస్ మ్యాపులో ఆ రెండు చోట్లూ ఒకే గడిలో, ఒకే రంగులో ఉన్నాయి. గొర్రెల కాపరి ఒకాయన నిలబడి చూసి, "దారి నేల సచ్చిపోయింది సార్, పొద కింద నేల బతికుండాది" అన్నాడు.

నేల రకం ఎంత ముఖ్యమో, పైన మనం చేసే పని అంత ముఖ్యమని నాకు ఆ రోజు కళ్లకు కట్టింది. లేఅవుట్ వేస్తే తారు రోడ్డు కింది నేలే పోతుందనుకుంటాం. రోలరు తిరిగిన ప్రతి ప్లాటూ ఆ బండ్లదారిలా మారుతుంది, ఇల్లు కట్టకపోయినా సరే.

ఎంత దిగుతోంది అన్నదే కాదు, ఏం దిగుతోంది

త్వరగా ఇంకే నేల మురికినీ త్వరగా ఇంకిస్తుంది. అందుకే తగునా కాదా అన్న పట్టికలో ప్రతి వాడకానికి రెండు గడులు పెట్టుకోండి: నీళ్లను ఆపుతుందా, నీళ్లను చెడగొడుతుందా. కోళ్ల ఫారం మొదటి గడిలో పెద్దగా తప్పు కనిపించదు, రెండో గడిలో దొరికిపోతుంది. సెప్టిక్ ట్యాంకులు కిక్కిరిసిన కాలనీ రెండిట్లోనూ దొరుకుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మి.గ్రా. దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. గుట్ట పాదానికి కింద ఉన్న తాగునీటి బోర్లలో నైట్రేట్ పరీక్ష తప్పక చేయించండి. ఎరువులు ఎక్కువ వేసే కూరగాయల సాగును కూడా తాగునీటి బోరుకు ఎగువన కాకుండా దిగువన ఉంచమని సూచించవచ్చు.

చెట్లు నాటితే సరిపోతుందా?

ఇక్కడ నాతో విభేదించేవాళ్లు ఉంటారు. బీడు కనపడగానే నీలగిరి, సుబాబుల్ దట్టంగా వేసి "పచ్చబడింది" అనడం నాకు ఇష్టం లేదు. 550 మి.మీ. వానలో దట్టమైన తోట తాగేది తాగాక కిందికి మిగిలేది తక్కువ. చెట్లే లేకపోతే నేల బిగుసుకుపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో జరిపి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చెట్లు మరీ దట్టంగా కాకుండా, అసలు లేకుండా కాకుండా, మధ్యస్థంగా ఉన్నచోటే భూగర్భంలోకి ఎక్కువ నీళ్లు దిగాయని తేలింది. నా అనుభవం కూడా అదే వైపు ఉంది. ఎడం ఎడంగా వేప, కానుగ, చింత, నేరేడు, మధ్యలో గడ్డి. ఉన్న సీతాఫలం పొదలను పీకొద్దు.

హద్దు ఎక్కడ గీయాలి

రెవెన్యూ హద్దు నీళ్లకు తెలియదు. గుండ్రటి హద్దు కూడా తెలియదు. హైదరాబాద్ జంట జలాశయాల కోసం 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 గురించి మీకు తెలిసే ఉంటుంది: 84 గ్రామాల్లో, 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాల మీద ఆంక్షలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడే దిశగా అది పెద్ద అడుగు, దాని విలువను నేను తగ్గించను. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలను తొలగించినప్పుడు నేను బాధపడ్డాను. కానీ కిలోమీటర్లలో గీసిన హద్దును ప్రశ్నించడం తేలిక. "ఇక్కడ పడిన వాన ఆ బావికి వెళ్తుంది" అని చూపించగలిగే హద్దును ప్రశ్నించడం కష్టం. మీరు నీటి విభజన రేఖ మీదే హద్దు గీయండి.

అది కూడా కింద రాయి చూసి సరిచూసుకోవాలి. మన దగ్గర డోలరైట్ డైకులు చాలా ఉన్నాయి, పొలాల్లో వరుసగా పరుచుకున్న నల్లగుండ్లు కనిపిస్తాయే, అవి. చాలాచోట్ల అవి భూమిలో గోడలా నిలబడి నీళ్లను ఆపేస్తాయి. ఒక ఊరికోసం కట్టిన ఊటకుంట డైకుకు అవతలి వైపు పడింది. కుంట ఏటా నిండుతుంది, ఇవతల ఊరి బోర్లలో మార్పు లేదు, అవతలి పొలాల బావులు మాత్రం బాగుపడ్డాయి. వాలు మ్యాపులో చూస్తే కుంట సరైన చోటే ఉంది.

తీర్మానానికి ముందు

భూమి వాడకం మీద ఆంక్ష అంటే ఒకరి ఆస్తి మీద ఆంక్ష. ఊరి ఉమ్మడి భూములు, మేత పోరంబోకు, వాగు పోరంబోకు, వీటితో మొదలుపెట్టండి. గుట్ట పాదాల్లో ఎక్కువ భాగం ఇవే. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది, ఆ తీర్పు పంచాయతీకి అండ. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి. పట్టా భూముల విషయంలో మాత్రం నిషేధం కంటే సాయం మేలు. గుట్ట పాదంలో చెల్క ఉన్న రైతు తన పొలం గట్లు నిలబెడితే లాభం కింది రైతుకు. ఆ గట్ల ఖర్చు ఉపాధి హామీ పనిలో పెట్టించండి.

కొలతలు ఊరివాళ్ల చేతిలోనే ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే) ప్రాజెక్టులో రైతులే వానమాపకం చూసి, బావుల మట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. అనంతపురం కూడా ఆ ఏడింటిలో ఒకటి. మీ మండలంలో ఆ రోజుల్లో కొలతలు తీసిన రైతులు ఇంకా ఉండవచ్చు. వాళ్ల నోటు పుస్తకాలు దొరికితే పాత మట్టాలు కూడా దొరుకుతాయి, వెతకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: మ్యాపులోంచి భూమి వాడకం, వాన పొరలు తీసేసి మళ్లీ నడపండి. ముప్పై బోర్ల కేసింగ్ అడుగులు రాసుకోండి. మే నెలాఖరుకు ముందే ఇరవై బావులు ఎంచుకుని మొదటి కొలత తీయండి, ఆ తేదీ దాటితే ఇంకో ఏడాది ఆగాలి. గుట్ట పాదాల్లో ఓ పది చోట్ల వలయాల పరీక్ష చేయండి, పొద కింద ఒకటి, దారి మీద ఒకటి. ఆ కొలతలు ఇక్కడ పెడితే నేను మ్యాపుతో పోల్చి చూసి చెబుతాను. మీ ఊళ్లో నల్లగుండ్ల వరుసలు ఏ దిక్కుగా పోతున్నాయో కూడా రాయండి.